గుంతకింత

పెను, కొలను అను రెండు మాటలు కలిసి పెనుగొలను అయినవని వ్యాకరణము చదివిన ప్రతి బాలునకును తెలియును గాని, ఆ కొలనులో ఎందరి గునపములు అరిగినవో, ఎందరి నడుములు వంగినవో ఏ వ్యాకరణమును చెప్పజాలదు. గంపలగూడెము మండలమందలి ఈ గ్రామము చిరకాలము కృష్ణాజిల్లాలోనుండి, 2022 ఏప్రిల్ నెలలో ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది. జిల్లా పేరు మారినను ఇచటి ఎండ మారలేదు. ఆ ఎండలోనే మామిడికి గుంతలు త్రవ్వించి, తొలకరి వరకు వానిని ఎండనిచ్చు ఆచారమును మారలేదు. మారినది త్రవ్వు సాధనము.

ఆ క్రొత్త సాధనమును అమ్మువారు ఎర్త్ ఆగర్ అందురు, కూలివారు గుంతల మిషను అందురు. భూఖననయంత్రమని ఒక పండితమిత్రుడు సూచించెను గాని, ఆ పేరు పలుకునంతలో యంత్రము ఒక గుంత తీసి రెండవదానికి పోవును. వడ్రంగి బరమాకు పెద్దన్న అనిన చాలును: కొయ్యకు బదులు భూమి, చేతికి బదులు పెట్రోలు. పైన రెండు పిడులు, వాని నడుమ చిన్న ఇంజను, క్రింద మెలిదిరిగిన ఉక్కు బిట్టు. బిట్టు లేక తూచినచో అంతయు పది కిలోల లోపే.

తోట చుట్టును కంచె కడీలు పాతుటకై అట్టి యంత్రమొకటి తిరువూరు నుండి అద్దెకు వచ్చిన మరునాడు, తోట యజమానియు విశ్రాంత గణితోపాధ్యాయుడును అయిన మేనమామకును, యంత్రమును తెచ్చిన మేనల్లునకును నడచిన వాదమును, వేపచెట్టు క్రింద నులకమంచముపై కూర్చుండి మజ్జిగ త్రాగుచు వినినవాడను నేను. వినిన మాటలను ఉన్నవున్నట్లుగా కాకపోయినను, ఉన్నవానికి దగ్గరగా ఇచట వ్రాయుచున్నాను.

మామ: అల్లుడూ, నిన్న తెచ్చితివి, అరువదిమూడు గుంతలు తీయించితివి, సంతోషము. నేడు దానిని తిరిగి పంపివేయుము. మిగిలినవి గునపముతో తీయింతము.

అల్లుడు: మామయ్యా, కోపగించుకొనకుడు. ఈ మే నెల ఎండలో రెండడుగుల లోతు గుంతను గునపముతో తీయువాడు పూటకు ఎన్ని తీయగలడు? మెత్తని నేలలో ఇది నిమిషములో దిగును. ఎర్రనేలలో మరియొక నిమిషము పట్టుననుకొనుడు. పనికి మనుష్యులు దొరకని కాలమిది. దొరికిన ఇద్దరితో కంచె ఎప్పటికి పూర్తియగును?

మామ: ఆలస్యముగా పూర్తియగును. కాని త్రవ్వినవాడు రాత్రి తన చేతితో తాను అన్నము కలుపుకొనును. నిరుడు ప్రక్కతోటలో ఒక కుఱ్ఱవాని మణికట్టు విరిగి, రెండు నెలలు వాని తల్లి ముద్దలు పెట్టినది.

అల్లుడు: గునపము మాత్రము గంధపుచెక్కయా? కాలి బొటనవ్రేలిపై గునపము వేసికొనినవారిని మీరు చూడలేదా? చేతుల బొబ్బలు, నడుము నొప్పి, పక్కటెముకల పట్టు, ఇవి ప్రమాదములు కావా? ఒక్కసారిగా విరిగిన మణికట్టును అందరును చూతురు; నలుబదియేండ్లు కొంచెము కొంచెముగా వంగిన నడుమును ఎవ్వరును లెక్కింపరు.

మామ: ఆ మాట నిజము, ఒప్పుకొంటిని. అయినను భేదమున్నది. గునపము నీవు వేసినంతనే పడును, నీవు ఆగిన ఆగును. రాతికి తగిలిన గునపము చేతిని జిల్లుమనిపించి ఊరకుండును. ఇది ఊరకుండదు. గుఱ్ఱపు బలమను కొలతను ఆవిరియంత్రములు అమ్ముకొనుటకై జేమ్స్ వాట్ వాడుకలోనికి తెచ్చినాడని బడిలో నీకు చెప్పినవాడను నేనే. మనుష్యుడు దినమంతయు నిలుకడగా చేయు పని ఆ కొలతలో పదియవ వంతు మించదు. ఈ 52 సీ.సీ. ఇంజను ఇచ్చు బలము రెండు గుఱ్ఱములకు దాపున ఉండును. అనగా ఇరువదిమంది బలమును ఒకని పిడికిట పెట్టితివి. ఆ ఇరువదిమందియు బిట్టును త్రిప్పుచున్నంతసేపు బాగే. భూమిలోని ఒక చింతవేరు బిట్టును గట్టిగా పట్టుకొని తిరుగనీయనప్పుడు, వారు త్రిప్పునది ఎవరిని?

అల్లుడు: పట్టుకొనినవానిని. చర్యకు ప్రతిచర్య, న్యూటను 1687లోనే వ్రాసినాడు, అదియు మీరు చెప్పినదే. అందుకే గదా ఇందులో క్లచ్చు ఉన్నది? ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు బిట్టు కదలదు. మీట నొక్కి వేగము పెంచినప్పుడే లోపలి దిమ్మలు వెలుపలికి విసరబడి గిన్నెను కరచుకొనును, బిట్టు తిరుగును. మీట వదలిన వేగము తగ్గును, దిమ్మలు లోపలికి పోవును, బిట్టు నిలుచును. వ్రేలు తీసిన క్షణమున ఆగు యంత్రమును మీరు రాక్షసియనుట ధర్మమా?

మామ: వ్రేలు తీసిన క్షణమున! మంచి మాట యంటివి. లెమ్ము, పోయి ఆ వ్రేలు ఎక్కడనున్నదో చూతము.

మేము ముగ్గురమును లేచి, తోట తూర్పు అంచున యంత్రము పరుండబెట్టిన చోటికి పోతిమి. మామగారు మాటలాడక వంగి, కుడిపిడి వైపు వ్రేలు చూపిరి. పాత సైకిలు ట్యూబును కోసి తీసిన ఒక పట్టీతో, మీటను పిడికి బిగించి కట్టియుండిరి. ఇంజను ఆరంభమయినంతనే బిట్టు తిరుగును. దానిని ఆపవలెనన్న వ్రేలు తీసిన చాలదు, స్విచ్చును వెదకవలె. అల్లుని ముఖము వివర్ణమైనది. యంత్రము పట్టుచున్న కూలివానిని పిలిచి, ఇదేమని అడిగెను. లుంగీ ఎగగట్టి, మెడలో తువాలు వ్రేలాడవేసికొని, హవాయి చెప్పులతో నున్న ఆ యువకుడు ఏ సంకోచమును లేక చెప్పినాడు:

“వేలు లాగేస్తందండీ. గుంతకింత అని గదా బేరం. వదులుతా పట్టుకుంటా కూచుంటే పొద్దు గుంకుద్ది.”

మరల వేపచెట్టు క్రిందికి వచ్చితిమి. ఈ సంవాదమున అందరికంటె తక్కువ మాటలాడినవాడు ఆ యువకుడే. అతని మూడు వాక్యములలో నున్నంత విషయము తక్కిన ఇరువురి వాదములోను లేదని నాకు అప్పుడే తోచినది గాని, మజ్జిగ త్రాగువానికి తీర్పు చెప్పు అధికారము లేదు గనుక ఊరకుంటిని.

మామ: వింటివి గదా! నీవు గుంతలను కొనుచున్నావు, అతడు వేగమును అమ్ముచున్నాడు, నడుమ అతని మణికట్టు తాకట్టు పడినది. జానెడు దిగగనే బిట్టును పైకెత్తి మన్ను విదల్చుకొనవలె. విదల్చినంతసేపు అతనికి కూలి లేదు. వేరు తగిలిన చోట ఆపి గునపము పట్టవలె; పట్టిన ఆ గంట అతనికి నష్టము. అట్టివానిని జాగ్రత్త జాగ్రత్తయని హెచ్చరించుట, పస్తున్నవానిని నెమ్మదిగా తినుమనుట వంటిది.

అల్లుడు: గుత్తపని ఈ ఒక్క యంత్రముతో పుట్టినదా? ప్రత్తి కిలోకింత అని ఏరుదురు. మిరప కోతయు చాలచోట్ల అట్లే. రోజుకూలి కన్న అందులో నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చునని కూలివారే దానిని కోరుదురు. రోజుకూలికి పెట్టిన ఎంత పని నడచునో మీకు తెలియనిదా?

మామ: తెలియును. కాని తొందరపడిన చేయి ప్రత్తిచేలో కాయకు రెండు రెక్కల దూదిని విడుచును; ఇచట తొందరపడిన చేయి తననే విడుచును. గుత్త అన్ని పనులకును ఒకే విధమైన విషము కాదు. మీట కట్టివేయుటకు మనస్సు పుట్టించు పనికి మాత్రము అది విషమే.

అల్లుడు: మీరు చెప్పినంత ఘోరమైనదే అయినచో ప్రభుత్వము చట్టము చేయకుండునా?

మామ: చేసినది. 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది, పొలములలో నూర్పిడి యంత్రములు ఎన్ని చేతులను మ్రింగిన తరువాతనో! అది ముఖ్యముగా ఆ నూర్పిడి యంత్రములకొరకు పుట్టిన చట్టము. నీ గుంతల మిషను వంతు వచ్చు వరకు వేచియుందువా? చేతులే గదా లెక్క, కావలసినన్ని ఉన్నవి!

అల్లుడు: అయితే మీ తీర్పు ఏమి? మిషను వద్దు, గునపమే పట్టుడనియా? 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధిహామీ పనిని ఆరంభించిననాడు, యంత్రములు కూడదు, మనుష్యుల చేతనే త్రవ్వింపవలెననిరి. అందులో ధర్మమున్నది, పని లేనివానికి పని కావలె గనుక. ఇచట పని యున్నది, మనుష్యులు లేరు. మీ మాట విని యంత్రమును పంపివేసిన, రేపు మరియొకరు దీనినే తెచ్చి, ఈ యువకునకే ఇచ్చి, ఇట్లే ట్యూబు కట్టనిత్తురు. దాని మంచిచెడ్డలు తెలిసినవారు దూరముగా కూర్చుండి నిందించుటవలన ఎవని మణికట్టు నిలిచినది?

ఈ మాటకు మామగారు కొంతసేపు బదులు చెప్పలేదు. పిమ్మట, చొక్కా జేబునుండి మడతలు పడిన ఒక చిన్న పుస్తకమును తీసిరి. అది ఆ యంత్రముతో వచ్చిన సూచనల పుస్తకము. అద్దెకు ఇచ్చినవాడు సంచిలో పడవేసి యిచ్చినది. యంత్రమును మెచ్చుకొని తెచ్చిన అల్లుడు దానిని విప్పనైన విప్పలేదు. వద్దన్న మామ రాత్రి దీపము ముందర కూర్చుండి, మొదటినుండి తుదివరకు చదివి, అంచులలో పెన్సిలుతో గీతలు గీసియుండిరి! విరోధి చేసినంత పారాయణము భక్తుడు చేయడను మాట నాకు జ్ఞాపకము వచ్చి నవ్వుకొంటిని.

మామ: నిందించుటకే చదివితినని అనుకొనుము. బిట్టు పైనుండి చూచినచో గడియారపు ముల్లు తిరిగినట్లు తిరుగును. వేరులో చిక్కుకొనినప్పుడు పిడులు దానికి ఎదురుగా తిరుగును. అనగా ఎడమపిడి నీమీదికి వచ్చును, కుడిపిడి నీ చేతినుండి ఊడిపోజూచును. కనుక యంత్రమును దూరముగా చాచి పట్టువాడు మూర్ఖుడు. అది జరిగిన దూరమంతయు వేగముగా మారి, చివరకు దెబ్బ అగును. పాదములు భుజములంత ఎడముగా నిలిపి, మోకాళ్లు కొంచెము వంచి, ఎడమతొడకు చట్రమును ఆనించి, బొటనవ్రేళ్లు పిడులను చుట్టునట్లు రెండు చేతులతోను పట్టినచో, అది కదలుటకు చోటు లేదు గనుక విసురుటకు బలము చాలదు. పైనుండి ఒత్తకూడదు, దాని బరువే దానిని దింపును. ఒత్తినవాడు, అది చిక్కిన క్షణమున, దానితో కూడ తానును తిరుగును.

అల్లుడు: చిక్కినదనుకొనుడు. అప్పుడు?

మామ: ఇంజను ఆపవలె. ఆపిన చాలదు, ప్లగ్గు తొడుగును ఊడదీయవలె. తరువాత బిట్టును పానాతో పట్టి, గడియారమునకు ఎదురుగా త్రిప్పి పైకి తీయవలె. నిన్న మన వాండ్రు ఏమి చేసిరో చూచితివా? ఇంజను నడచుచుండగనే ఇద్దరు కలిసి పైకి లాగిరి. వదులైన మరుక్షణమున ఆ బిట్టు వారి మోకాళ్ల నడుమ తిరుగుచుండెను. ఒకని లుంగీ అంచు దానికి జానెడు దూరమున నుండినది.

అల్లుడు: లుంగీ, తువాలు వదలి ప్యాంటు తొడుగుమనవచ్చును, చెప్పులకు బదులు బూట్లు కొనిపెట్టవచ్చును, ఒప్పుకొంటిని. కండ్లకు అద్దములు, చెవులకు మూతలు కూడ పెట్టి, ఈ ఎండలో నిలువబెట్టిన, మణికట్టు కంటె ముందు మనిషియే పడిపోవును. వడదెబ్బ మీ పుస్తకములో ఉన్నదా?

మామ: లేదు. అది చల్లని దేశమున వ్రాసిన పుస్తకమువలె నున్నది. ఆ విషయమున నీవే గెలిచితివి. అయినను మూతలు తీయుట దానికి మందు కాదు, వేళ మార్చుట మందు. ఉదయము ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపవలె, మరల చల్లబడిన తరువాత పట్టవలె. చెవుల సంగతి తేలికగా తీసికొనకుము. 85 డెసిబెల్ల శబ్దమును ఎనిమిది గంటలు వినవచ్చునని, మూడేసి డెసిబెల్లు పెరిగినకొలది ఆ కాలము సగమగునని అమెరికాలోని జాతీయ వృత్తిరక్షణ సంస్థ లెక్క. లెక్క వేయుము: నూరు డెసిబెల్లకు ఎంత?

అల్లుడు: అయిదు మారులు సగము... పదునైదు నిమిషములు.

మామ: నిన్న అతడు విన్నది పదునైదు నిమిషములు కాదు, దినమంతయు. చేతుల కంపము మరియొకటి. 1918లో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు, ఇండియానా రాష్ట్రమందలి బెడ్‌ఫర్డు సున్నపురాతి పనివారిని చూడబోయెను. గాలియంత్రపు ఉలి పట్టినవారి వ్రేళ్లు తెల్లబడి, మొద్దువారి, బొత్తాము పెట్టుకొనుటకైన పనికిరాకుండుట గమనించి వ్రాసెను.

అల్లుడు: అది మంచుదేశము. ఇచట మన వ్రేళ్లు కరుగును గాని గడ్డకట్టవు.

మామ: చలి ఆ రోగమును బయటపెట్టును, పుట్టించునది కంపమే. ఇద్దరు వంతులవారీగా పట్టిన చాలును. ఒకడు పట్టుచుండగా రెండవవాడు కడీలు మోయును.

పెట్రోలు సంగతి వారు త్వరగానే ముగించిరి. ఇది రెండు స్ట్రోకుల ఇంజను గనుక నూనెను పెట్రోలులోనే కలుపవలె. లీటరుకు నలుబది మిల్లీలీటర్లో ఇరువదియో ఆ యంత్రపు పుస్తకమే చెప్పవలెను గాని ప్రక్క దుకాణదారుడు కాదు. వేడిమీదనున్న ఇంజనులో పెట్రోలు పోయరాదు, పోయునప్పుడు బీడీ ముట్టింపరాదు. ఇందులో అభిప్రాయభేదమునకు తావు లేకపోయెను.

భేదము వచ్చినది నేలలోని తీగెల దగ్గర.

మామ: తూర్పుగట్టు వెంబడి బోరు మోటారునకు పోవు కేబులు ఉన్నది. డ్రిప్పు గొట్టములును అటే. బిట్టుకు తగిలిన గొట్టము నీరు చిమ్మును. కేబులు ప్రాణము తీయును.

అల్లుడు: ఎంత దూరమున నున్నది? ఎంత లోతున?

మామ: ఇరువది యేండ్ల క్రింద నేనే దగ్గరనుండి వేయించితిని... గట్టు నుండి రెండు గజములో, మూడో...

అల్లుడు: చూచితిరా! ఇంతసేపు నన్ను పరీక్షించిన మీరే మరచితిరి. ఇట్టి త్రవ్వకములకు ముందు తెలుపవలెనని కేంద్రప్రభుత్వము 2023 మార్చిలో కాల్ బిఫోర్ యూ డిగ్ అను యాప్‌ను పెట్టినది. అందులో చూతమా?

మామ: టెలిఫోను వారి తీగెలకు అది పనికివచ్చును, తప్పక చూడుము. నా బోరు కేబులు ఢిల్లీకి ఎట్లు తెలియును? కాలువ తీసిన పాత పాలేరు ఊరిలోనే ఉన్నాడు, పిలిపింపుము. అతడు వచ్చు వరకు ఆ వైపు బిట్టు దింపవలదు, మోటారు ఫ్యూజులు తీసి ఇంటిలో పెట్టుదము.

అల్లుడు: సరే. కంచె పూర్తియైన పిమ్మట మామిడి గుంతలును దీనితోనే...

మామ: అది మాత్రము కాదు. భయముచేత కాదు, లెక్కచేత. మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు: ఇరువదియేడు ఘనపుటడుగులు. నీ పెద్ద బిట్టు, పండ్రెండంగుళములది, రెండడుగులు దిగిన తీయునది ఒకటిన్నరకు కొంచెము పైన. పదియేడు గుంతలు తీసిన ఒక గుంత! పైగా నల్లరేగడిలో తడియున్నప్పుడు ఆ బిట్టు గోడలను నున్నగా, కుమ్మరి చక్రముపై కుండను మెరుగుపెట్టినట్లు పూసివేయును. నీరు ఇంకదు, వేరు గోడను చీల్చలేక లోపలనే చుట్టలు చుట్టుకొనును. ఎచటనైన తప్పక దానితోనే తీసినచో, గునపముతో గోడలను గీరి గరుకు చేయవలె. చూడుము, గునపము లేనిదే నీ మిషను పని ముగియదు.

అల్లుడు: మిషను లేనిదే మీ కంచె ముగియనట్లు.

మామ: ఒప్పుకొంటిని. నిన్న తీసిన అరువదిమూడు గుంతలపై ఏమి కప్పితివి?

అల్లుడు: ...ఏమియు కప్పలేదు. రెండడుగులే గదా.

మామ: దూడకాలు విరుగుటకు రెండడుగులు చాలును, రాత్రి నీళ్లు పెట్టబోవువాని కాలికి అంతకన్న తక్కువ చాలును. విడిచిన బోరుగుంతలలో పసిపిల్లలు పడి చనిపోవుచుండగా, 2010లో సుప్రీముకోర్టు వానిని పూడ్చుడని ఆజ్ఞాపింపవలసి వచ్చినది. నీవు కోర్టు దాక పోనీయకుము. కడీ పాతు వరకు తాటిమట్టలు కప్పింపుము.

ప్రొద్దు వాలినది. అల్లుడు లేచి, కూలివారి దగ్గరకు పోయి చాలసేపు మాటలాడెను. మామగారు చిన్నకత్తితో మీటకు కట్టిన ట్యూబు పట్టీని కోసి, దానిని పారవేయక, జేబులోని పుస్తకమునకు చుట్టి లోపల పెట్టుకొనిరి. మరునాటి నుండి కూలి రోజుకింత అని, పని ఉదయము ఆరు నుండి పది వరకు, సాయంకాలము నాలుగు నుండి చీకటి వరకు అని, బూట్ల ఖరీదు తోటదారునిదని నిర్ణయమైనది. పాత పాలేరు వచ్చి కర్రతో గీచిన గీత, మామగారు చెప్పిన చోటికి అయిదు గజముల ఇవతల పడినది.

మరునాటి రాత్రి లెక్క చూచితిమి. మొదటిదినము అరువదిమూడు గుంతలు. ఆ దినము నలుబదియొకటి, అందులో మూడు గునపముతో తీసినవి.